పేగు పంపే కబురు

నీరసంగా ఉందని ఆస్పత్రికి వెళ్లినవాళ్లు మన ఊళ్లలో తరచూ అడిగేది, "ఓ గ్లూకోజు సీసా ఎక్కించండి డాక్టరుగారూ" అని. అదే గ్లూకోజు పొడి రూపంలో మందుల షాపులో దొరుకుతుంది. ఇంటికి తెచ్చుకుని నీళ్లలో కలుపుకుని తాగొచ్చు. అప్పుడొక సందేహం వస్తుంది. నరంలోకి ఎక్కించినా, నోటితో తాగినా గ్లూకోజు గ్లూకోజే కదా, ఎటు తిరిగీ చేరేది రక్తంలోకే కదా, మరి శరీరానికి ఈ రెంటికీ తేడా ఏముంటుంది?

చాలా తేడా ఉంటుంది. ఆ తేడా ఎక్కడిదో వెతుక్కుంటూ పోయినవాళ్ల పుణ్యమా అని టైప్ 2 మధుమేహానికి ఇవాళ ఉన్న మందుల్లో అతి శక్తిమంతమైనవి కొన్ని మన చేతికి వచ్చాయి. ఆ వెతుకులాటకు దాదాపు వందేళ్లు పట్టింది. మధ్యలో కుక్కలు, సముద్రపు చేప, ఎడారి బల్లి వచ్చిపోతాయి. కథానాయిక మాత్రం పేగు లోపలి గోడలో పుట్టే ఒక చిన్న హార్మోను. దాని పేరు జీఎల్‌పీ-1.

గ్లాసుకూ సీసాకూ తేడా

రక్తంలో చక్కెరను అదుపులో పెట్టేది ఇన్సులిన్. దాన్ని తయారుచేసేది జీర్ణాశయం వెనక అడ్డంగా పడుకుని ఉండే క్లోమం, అంటే డాక్టర్లు పాంక్రియాస్ అనే అవయవం. క్లోమంలో అక్కడక్కడా చిన్న దీవుల్లా ఉండే కణాల గుంపుల్లో బీటా కణాలనేవి ఉంటాయి. ఇన్సులిన్ వాటి సరుకు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశాక, మధుమేహమంటే క్లోమానికి సంబంధించిన జబ్బనీ, మందు కోసం వెతకాల్సింది అక్కడేననీ వైద్యలోకం స్థిరపడిపోయింది. ఆ నమ్మకంలో నిజముంది. ఆ నమ్మకం వల్లే పేగు వైపు చూసేవాళ్లు తగ్గిపోయారన్నదీ నిజమే.

రక్తంలో ఇన్సులిన్ ఉండేది అతి సూక్ష్మ మోతాదులో. దాన్ని నమ్మకంగా కొలిచే పద్ధతిని 1960లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వెటరన్స్ ఆస్పత్రిలో రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ ప్రకటించారు. ఆ పనికి యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి బెర్సన్ బతికి లేడు. కొలబద్ద చేతికి రాగానే పాత ప్రశ్నలు కొన్ని తిరిగి లేచాయి. 1964లో లండన్‌లో మెకింటైర్ బృందం, అమెరికాలో ఎల్రిక్ బృందం విడివిడిగా ఒకే సంగతి గమనించాయి. గ్లూకోజును నరంలోకి ఎక్కిస్తే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది, ఇన్సులిన్ మాత్రం తక్కువ వస్తుంది. అదే గ్లూకోజును నోటి ద్వారానో, గొట్టంతో నేరుగా పేగులోకో పంపిస్తే చక్కెర అంతగా పెరగదు, ఇన్సులిన్ మాత్రం బోలెడు వస్తుంది.

ఇది మామూలు లెక్కకు అందే విషయం కాదు. రక్తంలో చక్కెరను చూసి మాత్రమే క్లోమం ఇన్సులిన్ వదులుతుందనుకుంటే, చక్కెర ఎక్కువైన చోట ఇన్సులిన్ ఎక్కువ రావాలి. జరిగింది దీనికి వ్యతిరేకం. అంటే క్లోమానికి రక్తం నుంచి కాక ఇంకెక్కడి నుంచో కూడా సమాచారం అందుతోంది. గ్లూకోజు పేగు మీదుగా వెళ్లినప్పుడే అది అందుతోంది. 1967లో సెయింట్ లూయిస్‌లో పెర్లీ, కిప్నిస్ ఇంకా జాగ్రత్తగా కొలిచారు. తాగినప్పుడు రక్తంలో చక్కెర ఎలా పెరిగి ఎలా తగ్గిందో చూసుకుని, సరిగ్గా అలాగే పెరిగి తగ్గేట్టు నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. చక్కెర స్థాయి రెండింట్లోనూ సమానం. అయినా తాగినప్పుడు వచ్చిన ఇన్సులిన్‌లో సగం దాకా పేగు చలవేనని తేలింది. తర్వాతి పరీక్షల్లో ఆరోగ్యవంతులలో ఈ వాటా సగం నుంచి డెబ్బై శాతం దాకా కనిపించింది. దీన్ని ఇంక్రెటిన్ ప్రభావం అంటారు. ఈ పని చేసే హార్మోన్లను మనం పేగు కబుర్లు అనుకుందాం.

రక్తంలో ఉండేది ఒక్క చెంచాడు

పేగుకు ఈ తొందరెందుకు? చక్కెర రక్తంలో చేరాక క్లోమమే చూసుకుంటుంది కదా అనిపించవచ్చు. ఇక్కడొక చిన్న లెక్క వేద్దాం. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున షుగరు వంద ఉందంటే, వంద మిల్లీలీటర్ల రక్తంలో వంద మిల్లీగ్రాముల గ్లూకోజు ఉందని అర్థం. మొత్తం రక్తంలో కలిపి ఐదు గ్రాములు. ఒక చిన్న చెంచాడు.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనం తలుచుకోండి. రెండు సార్లు వడ్డించుకున్న అన్నంలోనే వంద గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అదంతా విడిపోయి గ్లూకోజుగా మారుతుంది. చెంచాడు చక్కెర ఉండాల్సిన చోటికి ఇరవై చెంచాలు వచ్చి పడబోతున్నాయి. ఆరోగ్యవంతుల్లో మాత్రం భోజనమైన రెండు గంటలకు షుగరు 140 లోపే ఉంటుంది. ముందస్తు సమాచారం లేకుండా ఇది సాధ్యమయ్యే పని కాదు.

గోదావరి వరద ఎలా నడుస్తుందో ఆ ఒడ్డువాళ్లకు తెలుసు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడుతుంది. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి గంటలు పడుతుంది. బ్యారేజీ దగ్గర ఉన్న ఇంజనీర్లు నీళ్లు తలుపుల మీదికి వచ్చిందాకా చేతులు ముడుచుకుని కూర్చోరు. ఎగువ నుంచి కబురు అందగానే గేట్లెత్తడం మొదలుపెడతారు. పేగు మన ఒంట్లో ఆ ఎగువ ఘట్టం. ఎంత చక్కెర దిగువకు రాబోతోందో అందరికంటే ముందు తెలిసేది దానికే. ఆ కబురు అందుకున్న క్లోమం ఇన్సులిన్‌ను ముందే సిద్ధం చేస్తుంది. సీసా గ్లూకోజు మటుకు ఎగువ ఘట్టాన్ని తాకకుండా నేరుగా దిగువకు వచ్చి పడే వరద. కబురు లేదు, అందుకే గేట్లు ఆలస్యంగా, అరకొరగా లేస్తాయి.

వందేళ్ల వెతుకులాట

పేగు ఒక రసాయనంతో దూరంగా ఉన్న అవయవానికి కబురు పంపగలదన్న సంగతి 1902లోనే తెలిసింది. లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్క చిన్నపేగులో కొంత భాగానికి వెళ్లే, కబురు మోసే నాడులన్నీ తెంచేసి, ఆ భాగంలో ఆమ్లం పోశారు. నాడులు లేకపోయినా క్లోమం జీర్ణరసం స్రవించింది. అంటే కబురు రక్తం ద్వారా వెళ్లింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. మనిషి గుర్తించిన మొట్టమొదటి హార్మోను ఇదే. హార్మోను అన్న పేరును స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు. హార్మోన్ల శాస్త్రం మొత్తం పేగు దగ్గరే పుట్టిందన్నమాట.

ఆ మరుసటి సంవత్సరమే, 1906లో, లివర్‌పూల్‌లో బెంజమిన్ మూర్ ఇంకో అడుగు వేశాడు. జీర్ణరసాన్ని రప్పించే పేగు, చక్కెరను అదుపు చేసే రసాన్ని కూడా రప్పిస్తుందేమో అని ఊహించి, చిన్నపేగు పొర సారాన్ని మధుమేహ రోగులకు నోటి ద్వారా ఇచ్చాడు. ఇన్సులిన్ పేరే లేని కాలంలో చేసిన ఊహ ఇది. నోటితో ఇచ్చిన అలాంటి సారం జీర్ణాశయంలోనే చాలామటుకు అరిగిపోతుందని ఇప్పుడు మనకు తెలుసు. ఆ దారి ముందుకు సాగలేదు. 1932లో బెల్జియం శాస్త్రజ్ఞుడు లా బార్ ఈ ఊహా పదార్థానికి ఇంక్రెటిన్ అని పేరు పెట్టాడు. 1940లో షికాగోలో ఐవీ బృందం కుక్కల మీద పరీక్షలు చేసి, అలాంటిది ఉందనడానికి ఆధారం లేదని తేల్చేసింది. అంతే, పాతికేళ్లు ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మనం ఇందాక చూసిన 1964 పరీక్షలే దాన్ని మళ్లీ బతికించాయి.

1970ల్లో కెనడాలోని వాంకూవర్‌లో జాన్ బ్రౌన్ బృందం మొదటి పేగు కబురును వేరుచేసింది. దాని పేరు జీఐపీ. చిన్నపేగు మొదట్లోనే పుడుతుంది. అయితే ఆ ఒక్కదానితో లెక్క సరిపోలేదు. రెండోది ఏదో ఉంది.

ఆ రెండోదాని జాడ మొదట దొరికింది ఒక చేపలో. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో జోయెల్ హాబెనర్ బృందం అప్పట్లో గ్లూకగాన్ అనే హార్మోను జన్యువు కోసం వెతుకుతోంది. గ్లూకగాన్ ఇన్సులిన్‌కు ఎదురు పని చేస్తుంది, అంటే కాలేయం చేత చక్కెర విడుదల చేయించి రక్తంలో షుగరును పెంచుతుంది. యాంగ్లర్ అనే సముద్రపు చేపలో, మనలో లాగా కాకుండా, ఈ హార్మోన్లను తయారుచేసే కణాల గుంపు క్లోమం నుంచి విడిగా ఒక ముద్దలా ఉంటుంది. తీసుకోవడం తేలిక. 1982లో వాళ్లు ఆ జన్యువును చదివితే, గ్లూకగాన్ తయారయ్యే పొడవాటి ప్రొటీన్ దండలోనే గ్లూకగాన్‌ను పోలిన ఇంకో ముక్క కూడా ఉన్నట్టు కనిపించింది. మరుసటి సంవత్సరం క్షీరదాల జన్యువులో గ్రేమ్ బెల్ బృందం అలాంటి ముక్కలు రెండు గుర్తించింది. వాటిలో మొదటిది జీఎల్‌పీ-1. గ్లూకగాన్ లాంటి పెప్టైడ్, మొదటిది అన్న మాటకు పొడి అక్షరాలవి.

ఈ సంగతి ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తగ్గదు. షుగరును పెంచే హార్మోనూ, తగ్గించే హార్మోనూ ఒకే జన్యువు నుంచి, ఒకే దండ నుంచి వస్తున్నాయి. క్లోమంలోని ఆల్ఫా కణాలు ఆ దండను ఒక చోట తెంపితే గ్లూకగాన్ వస్తుంది. పేగులోని ఎల్ కణాలు వేరే చోట తెంపితే జీఎల్‌పీ-1 వస్తుంది.

అయితే దండలో ముక్క ఉన్నంత మాత్రాన అది పని చేస్తుందని కాదు. ముప్ఫై ఏడు అమైనో ఆమ్లాల ఆ పూర్తి ముక్కకు చెప్పుకోదగ్గ శక్తి లేదు. ఆరింటిని తీసేసి ఏడోదాని నుంచి మొదలుపెడితే అసలైన హార్మోను వస్తుందని గుర్తించి, దాన్ని ప్రయోగశాలలో స్వయంగా నిర్మించిన శాస్త్రజ్ఞురాలు స్వెత్లానా మొయ్‌సోవ్. ఉత్తర మాసిడోనియాలోని స్కోప్యే నగరంలో పుట్టి అమెరికా వెళ్లిన ఆమె అప్పుడు అదే బోస్టన్ ఆస్పత్రిలో పనిచేస్తున్నారు. 1987లో ఆమె, గార్డన్ వీర్, హాబెనర్ కలిసి ఎలుక క్లోమంలోకి అతి తక్కువ మోతాదులో ఈ హార్మోనును పంపి ఇన్సులిన్ పెల్లుబకడం చూపించారు. అదే సంవత్సరం కోపెన్‌హేగన్‌లో యెన్స్ హోల్స్ట్ బృందం పందుల మీద, లండన్‌లో స్టీఫెన్ బ్లూమ్ బృందం మనుషుల మీద అదే నిరూపించాయి. పేటెంట్లలో సహ ఆవిష్కర్తగా తన పేరు చేర్పించుకోవడానికి మొయ్‌సోవ్ ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. హాబెనర్, తర్వాత ఈ హార్మోనును మందుగా మలచిన లాటె క్నుడ్‌సెన్‌లతో పాటు ఆమెకు లాస్కర్ పురస్కారం దక్కింది 2024లో. ఎంత ఆలస్యమో చూడండి.

కబురు అందాక

జీఎల్‌పీ-1 చేసే పనుల్లో మొదటిది మనకు తెలిసిందే. బీటా కణాల మీద దానికోసమే ఉన్న గ్రాహకానికి అతుక్కుని ఇన్సులిన్ విడుదలను పెంచుతుంది. ఇందులో ఒక షరతు ఉంది, అదే దీని గొప్పతనం. రక్తంలో చక్కెర ఎక్కువ ఉన్నప్పుడే ఇది బలంగా పనిచేస్తుంది. చక్కెర మామూలు స్థాయికి దిగేకొద్దీ దీని ప్రభావం సన్నగిల్లిపోతుంది. ఎగువ నుంచి కబురు వచ్చినా, ఏట్లో నీరు లేకపోతే గేటు లేవదు.

ఈ షరతు ఎందుకు ముఖ్యమో మందులు వాడేవాళ్లకు బాగా తెలుసు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి పాత తరం బిళ్లలు చక్కెర ఎంత ఉందో చూడకుండా బీటా కణాల చేత ఇన్సులిన్ వదిలిస్తాయి. బిళ్ల వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే చెమటలు పట్టి, చేతులు వణికి, షుగరు పడిపోతుంది. పొలం పనుల్లోనో, పెళ్లి హడావిడిలోనో అన్నం వేళ తప్పిన పెద్దవాళ్లకు ఇది ప్రాణం మీదికి రావచ్చు. జీఎల్‌పీ-1 దారిలో పనిచేసే మందులు విడిగా వాడినప్పుడు ఆ ముప్పు చాలా తక్కువ.

రెండో పని, గ్లూకగాన్‌ను అణచడం. టైప్ 2 మధుమేహంలో భోజనం చేశాక కూడా గ్లూకగాన్ తగ్గకపోవడంతో, ఒక పక్క పేగు నుంచి, ఇంకో పక్క కాలేయం నుంచి రక్తంలోకి చక్కెర వస్తూనే ఉంటుంది. జీఎల్‌పీ-1 ఆ రెండో దారిని కట్టడి చేస్తుంది. మూడోది, జీర్ణాశయం నుంచి ఆహారం పేగులోకి దిగే వేగాన్ని తగ్గించడం. దిగువ పేగులో ఎల్ కణాలు ఎక్కువగా ఉంటాయి. చాలినంత వచ్చింది, కాస్త ఆగమని పైకి చెప్పడం వాటి ఉద్యోగంలో భాగం. నాలుగోది మెదడులో. 1996లో బ్లూమ్ బృందమే ఎలుకల మెదడులోకి ఈ హార్మోనును పంపితే అవి తిండి తగ్గించేశాయి. కడుపు నిండిందన్న భావన కలగడంలో దీనికి పాత్ర ఉంది.

ఇంతలో చిక్కొకటి ఉంది. పేగు నుంచి బయల్దేరిన జీఎల్‌పీ-1లో చాలా భాగం దారిలోనే, పేగు రక్తనాళాల్లో, కాలేయంలో నాశనమైపోతుంది. పెద్ద రక్తప్రవాహం దాకా చెక్కుచెదరకుండా చేరేది పదో వంతు, మహా అయితే కొంచెం ఎక్కువ. అందుకే రక్తం దారి ఒక్కటే కాక, పేగు పక్కనే ఉన్న, మెదడుకు వెళ్లే వేగస్ నాడి కొసలను తాకి ఆ నాడి ద్వారా కూడా ఈ హార్మోను కబురు పంపుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఏ దారి వాటా ఎంత అన్న చర్చ ఇంకా నడుస్తోంది.

జబ్బులో తప్పేది ఎక్కడ?

1986లో జర్మనీలో మైకేల్ నౌక్ బృందం గ్లాసు, సీసా పరీక్షను టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్ల మీద చేసింది. ఆరోగ్యవంతుల్లో స్పష్టంగా కనిపించే తేడా వీళ్లలో బాగా తగ్గిపోయింది. తాగినా, ఎక్కించినా ఇన్సులిన్ ఇంచుమించు ఒకేలా, చాలీచాలకుండా వచ్చింది. పేగు కబురు ఫలితం ఇవ్వడం లేదన్నమాట.

కబురే బయల్దేరడం లేదా, వెళ్లినా క్లోమం వినిపించుకోవడం లేదా? చాలామంది రోగుల్లో పేగు నుంచి జీఎల్‌పీ-1 మరీ తక్కువగా ఏమీ రావడం లేదని తర్వాత తేలింది. లోపం ప్రధానంగా వినే వైపు ఉంది. ఏళ్ల తరబడి అధిక చక్కెరతో అలసిపోయిన బీటా కణాలు మామూలు మోతాదు కబురుకు కదలవు. మరి గట్టిగా చెబితే? నౌక్ బృందం ఆ ప్రశ్నే వేసుకుంది. జీఐపీని ఎంత ఎక్కువ ఇచ్చినా ఫలితం దాదాపు శూన్యం. జీఎల్‌పీ-1 మాత్రం మోతాదు పెంచితే పనిచేసింది. 1993లో వాళ్లు ప్రచురించిన పరీక్షలో, పరగడుపు షుగరు సగటున 230 దాటి ఉన్న పదిమంది రోగులకు జీఎల్‌పీ-1ను నరంలోకి ఎక్కించారు. నాలుగు గంటల్లో షుగరు 90 ప్రాంతానికి దిగింది. దిగాక ఇన్సులిన్ కూడా తనంతట తాను తగ్గిపోయింది, షుగరు అక్కడితో ఆగింది. ఇంకా కింద పడలేదు. మధుమేహ వైద్యంలో ఇంత నికార్సైన ఫలితాలు అరుదు.

రెండు నిమిషాల ఆయుష్షు

అయితే దాన్ని మందుగా అమ్మడానికి వీల్లేదు. సహజమైన జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాలు నిలిస్తే గొప్ప. డీపీపీ-4 అనే ఎంజైము దాని మొదటి రెండు అమైనో ఆమ్లాలను కత్తిరించేస్తుంది, హార్మోను చచ్చుబడిపోతుంది. రోజంతా నరానికి సూది గుచ్చుకుని ఎవరు కూర్చుంటారు?

దీనికి రెండు ఉపాయాలు పుట్టాయి. ఒకటి, ఆ ఎంజైమునే అడ్డుకోవడం. అలా వచ్చినవే పేరు చివర గ్లిప్టిన్ అని ఉండే బిళ్లలు. సిటాగ్లిప్టిన్ 2006లో అమెరికాలో అనుమతి పొందింది. మన దగ్గర విల్డాగ్లిప్టిన్ పేటెంటు 2019లో, సిటాగ్లిప్టిన్ పేటెంటు 2022లో ముగిశాక ధరలు బాగా దిగాయి. మీ ఇంట్లో షుగరు బిళ్లల అట్ట ఉంటే దాని వెనక చదివి చూడండి, ఈ మాట కనిపించే అవకాశం చాలా ఉంది. ఇవి మన సొంత జీఎల్‌పీ-1, జీఐపీల ఆయుష్షును కొంచెం పెంచుతాయి. ఫలితం ఒక మోస్తరుగా ఉంటుంది, బరువు తగ్గదు, ఇబ్బందులూ తక్కువే.

రెండో ఉపాయం, ఆ ఎంజైము కత్తికి లొంగని జీఎల్‌పీ-1ను తయారుచేయడం. దీనికి దారి చూపింది అమెరికా నైరుతి ఎడారుల్లో బతికే హీలా అనే విషపు బల్లి. యాలో పనిచేసిన ఆ బ్రాంక్స్ ఆస్పత్రిలోనే జాన్ ఎంగ్ అనే వైద్యుడు ఆ బల్లి విషంలో ఎక్సెండిన్-4 అనే పదార్థాన్ని కనుక్కుని 1992లో ప్రకటించాడు. సగానికి సగం మన జీఎల్‌పీ-1ను పోలి ఉంటుంది, అదే గ్రాహకానికి అతుక్కుంటుంది, డీపీపీ-4కు మాత్రం లొంగదు, గంటల తరబడి రక్తంలో నిలుస్తుంది. ఆ అణువునే ప్రయోగశాలలో తయారుచేస్తే ఎక్సెనటైడ్ అయింది. 2005లో అమెరికాలో అనుమతి పొందిన ఈ ఇంజెక్షన్ ఈ కోవలో మొదటి మందు. బల్లి విషం గురించి ఎవరైనా పరిశోధన చేస్తానంటే దానివల్ల రోగికేం లాభమని అడిగేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. ఈ మందే వాళ్లకు సమాధానం.

డెన్మార్క్‌లో నోవో నార్డిస్క్ కంపెనీలో లాటె క్నుడ్‌సెన్ బృందం ఇంకో పద్ధతి పట్టింది. మనిషి జీఎల్‌పీ-1కే స్వల్ప మార్పులు చేసి, ఒక కొవ్వు ఆమ్లాన్ని తగిలించారు. రక్తంలో పుష్కలంగా ఉండే అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను ఆ కొవ్వు ఆమ్లం పట్టుకుని వేలాడుతుంది. అల్బుమిన్ నీడలో ఉన్నంతసేపు ఎంజైము దాన్ని అంత తేలిగ్గా తాకలేదు, మూత్రపిండాలూ బయటికి పంపలేవు. అలా వచ్చిన లిరాగ్లుటైడ్‌ను రోజుకొకసారి తీసుకోవాలి. దాన్ని ఇంకా మెరుగుపరిస్తే వచ్చిన సెమాగ్లుటైడ్ వారానికొకసారి చాలు. 2017లో మధుమేహానికి అనుమతి పొందిన ఈ మందే ఓజెంపిక్ పేరుతో లోకమంతా మారుమోగింది. బిళ్ల రూపంలో రైబెల్సస్‌గా 2022లో మన దేశానికి వచ్చింది. జీఎల్‌పీ-1, జీఐపీ రెండు గ్రాహకాల మీదా పనిచేసే టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో ఇక్కడ అమ్మకానికి వచ్చింది. విడిగా ఇస్తే పనికిరాని జీఐపీ, జీఎల్‌పీ-1తో జతకడితే ఎందుకింత బలంగా పనిచేస్తుందన్నది పూర్తిగా విడిపోని ముడి.

2016లో వచ్చిన రెండు పెద్ద పరీక్షలు ఈ మందుల స్థాయిని మార్చేశాయి. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న మధుమేహ రోగుల్లో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణం ఈ మూడూ కలిపి లెక్కిస్తే లిరాగ్లుటైడ్‌తో 13 శాతం, సెమాగ్లుటైడ్‌తో 26 శాతం తగ్గాయి. షుగరు రోగుల ప్రాణాలు తీసేది చాలాసార్లు గుండె కాబట్టి, నా దృష్టిలో బరువు తగ్గడం కంటే ఇదే పెద్ద వార్త.

కంచం దగ్గర

మందుల సంగతి పక్కన పెడితే, మన పేగులోనే ఉన్న ఎల్ కణాలను మనం కదిలించలేమా? కొంత మేరకు కదిలించగలం. జపాన్‌లో 2016లో ప్రచురితమైన ఒక పరీక్షలో మధుమేహం ఉన్నవాళ్లకూ, లేనివాళ్లకూ ఒకే భోజనాన్ని వరస మార్చి పెట్టారు. అన్నం కంటే ముందు చేపో మాంసమో తిన్నప్పుడు జీఎల్‌పీ-1 ఎక్కువ విడుదలైంది, జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అయింది, తిన్నాక షుగరు తక్కువ పెరిగింది. అంతకుముందు సంవత్సరం న్యూయార్క్‌లో అల్పనా శుక్లా బృందం పదకొండు మంది రోగుల మీద చేసిన చిన్న పరీక్షలోనూ కూరగాయలు, మాంసం ముందు తిని, రొట్టె, పళ్లరసం తర్వాత తీసుకుంటే షుగరు బాగా తగ్గింది. తిన్నది అదే, పరిమాణం అదే, వరసే మారింది.

మన భోజనంలో పప్పు, కూర, పులుసు, పెరుగు అన్నీ అన్నంలో కలుపుకునే తింటాం. మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా అన్నమే ముందు నడుస్తుంది. కంచం ముందు కూర్చోగానే ముందు గిన్నెడు కూరో, గట్టిపప్పో, గుడ్డో, చేపముక్కో తిని, తర్వాత అన్నం కలుపుకోవడం ఖర్చు లేని మార్పు. పై పరీక్షలు మన భోజనం మీద చేసినవి కావు, కానీ పేగు అదే పేగు. ఆకుకూరలు, గింజధాన్యాల్లో ఎక్కువగా ఉండే పీచు దిగువ పేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అవి విడుదల చేసే కొన్ని ఆమ్లాలు కూడా ఎల్ కణాలను తట్టిలేపుతాయి. ఇలా వచ్చే జీఎల్‌పీ-1 ఇంజెక్షన్ మోతాదుకు సాటిరాదు. ఆహారంతోనే ఓజెంపిక్ ఫలితమని యూట్యూబులో చెప్పేవాళ్లను నమ్మవద్దు.

పేగు శక్తి ఎంతటిదో చూపించిన ఇంకో ఆధారం ఆపరేషన్ బల్ల మీద దొరికింది. విపరీతమైన ఊబకాయానికి చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ శస్త్రచికిత్సలో ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించుకుని త్వరగా దిగువకు చేరుతుంది. జీఎల్‌పీ-1 అనేక రెట్లు పెరుగుతుంది. అమెరికాలో వాల్టర్ పోరీస్ 1995లో ప్రచురించిన 608 మంది రోగుల వివరాల్లో, టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్లలో 83 శాతం మందికి షుగరు మామూలు స్థాయికి వచ్చి అలాగే నిలిచింది. బరువు దిగక ముందే, ఆపరేషనైన కొద్ది రోజులకే షుగరు తగ్గడం వైద్యులను ఆశ్చర్యపరిచింది. తిండి ఒక్కసారిగా తగ్గిపోవడం కూడా దీనికి కారణమే, మొత్తం ఘనత హార్మోనుకు ఇవ్వలేం.

ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్కల ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది, 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారు. ఇంత అవసరం ఉన్న దేశంలో ఈ మందుల ధర మొన్నమొన్నటి దాకా నెలకు వేలల్లో ఉండేది. సెమాగ్లుటైడ్ మీద ఇక్కడి పేటెంటుకు 2026 మార్చి దాకానే గడువు. ఆ గడువు కోసం హైదరాబాద్ కంపెనీలతో సహా మన మందుల పరిశ్రమ ముందునుంచే సిద్ధమవుతూ వచ్చింది. ధర దిగడం మంచిదే. ధర దిగిన మందు డాక్టరు చీటీ లేకుండా, పెళ్లికి ముందు నాలుగు కిలోలు తగ్గాలనుకునే వాళ్ల చేతికి పోవడం మంచిది కాదు.

ఈ మందులకు ఇబ్బందులున్నాయి. మొదటి వారాల్లో వికారం, వాంతులు, విరేచనాలో మలబద్ధకమో చాలామందికి వస్తాయి. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. షుగరు మరీ వేగంగా తగ్గితే అప్పటికే కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లకు అది ముదరవచ్చు. బరువుతో పాటు కండ కూడా తగ్గుతుంది. మానేస్తే బరువు, షుగరు తిరిగి పెరగడం మామూలే. ఇన్సులిన్ పూర్తిగా లేని టైప్ 1 మధుమేహంలో ఇవి ఇన్సులిన్‌కు ప్రత్యామ్నాయం కావు. టైప్ 2లో కూడా ఇన్సులిన్ వాడుతున్నవాళ్లు దాన్ని సొంతంగా ఆపేయకూడదు.

కాబట్టి డాక్టరు ఈ ఇంజెక్షన్ రాస్తున్నప్పుడు అడగకపోయినా నాలుగు సంగతులు మీరే చెప్పండి: గతంలో క్లోమం వాపు వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, గర్భం ధరించే ఆలోచన ఉందా, ఇప్పుడు ఏయే షుగరు బిళ్లలు వేసుకుంటున్నారు. మొదలుపెట్టే ముందు ఒకసారి కళ్లు పరీక్ష చేయించుకోండి.